సరంగు చేతిక్రింద ఎందరు?

విశాఖపట్టణము ఫిషింగ్ హార్బరులో మరపడవలు ఒకదానినొకటి ఒరసికొని కట్టియుండు జెట్టీమీద నిలిచి చూచినవారికి ఒక విషయము తప్పక కంటబడును. పడవ పాతదైనను క్రొత్తదైనను, వేట రొయ్యలకైనను చేపలకైనను, దానిమీద ఎక్కువారు సుమారు ఏడెనిమిది మంది. అందొకడు సరంగు, మిగిలినవారు కలాసీలు. రెండు మూడు వారములు సముద్రముమీద గడుపవలసిన ఈ చిన్న కుటుంబమున ఇందరే యుండవలెనని ఏ శాస్త్రగ్రంథమును చూచి ఎవరును నిర్ణయింపలేదు. పడవ పొడవు, మంచు నింపు గదుల వైశాల్యము, వల లాగుటకు కావలసిన చేతులు, వచ్చిన సొమ్ములో పంచుకొనవలసిన పాళ్లు, ఇవియే ఆ అంకెను నిర్ణయించినవి.

ఇదే తీరమున ఇసుక తిన్నెలమీద పెద్దవల లాగువారిని చూడుడు. నలుబదిమంది, ఒక్కొక్కప్పుడు అంతకు మించి, రెండు బారులుగా చీలి రెండు త్రాళ్లు పట్టుకొందురు. వారికిని పెద్ద ఒక్కడే. అతడు గొంతెత్తి కేకవేసినచో నలుబదిమంది నడుములు ఒక్కమారే వంగును.

ఏడుగురికి ఒకడు, నలుబదిమందికి ఒకడు. రెండు ఏర్పాటులును తరతరములుగా నడచినవే. మరి ఒక అధికారి చేతిక్రింద ఎందరుండవలెనను ప్రశ్నకు జవాబేమి? ఈ ప్రశ్న పైకి కార్యాలయముల గోడలమధ్య పుట్టిన గుమాస్తా ప్రశ్నవలె కనిపించును. కాని జీతములు, పదోన్నతులు మాత్రమే గాక, కొలిమిదగ్గరను క్రేనుక్రిందను పనిచేయువాని ప్రాణము కూడ దీనిమీద ఆధారపడి యున్నది. అందుచేతనే దీనిపై వాదములు సాగినవి.

మన పూర్వులు పది అను అంకెను పట్టుకొనిరి. కౌటిల్యుని అర్థశాస్త్రమున సేనను విభజించుచోట పది అంగములకొక పదికుడు, పదిమంది పదికులకొక సేనాపతి, పదిమంది సేనాపతులకొక నాయకుడు కలరు. మనుస్మృతి గ్రామమునకొకనిని, పది గ్రామములకొకనిని, తరువాత ఇరువదింటికి, నూరింటికి, వేయింటికి ఒక్కొక్కనిని నియమింపుమనును. బైబిలు నిర్గమకాండమునందును మోషేకు అతని మామ యిత్రో ఇట్టి సలహాయే యిచ్చెను. ఉదయము మొదలు సాయంకాలమువరకు జనులందరి తగవులను ఒక్కడే తీర్చుచు నలిగిపోవుచున్న అల్లుని చూచి, వేయిమందికి, నూరుమందికి, ఏబదిమందికి, పదిమందికి వేర్వేరుగా పెద్దలను పెట్టుకొమ్మని ఆ ముసలివాడు చెప్పెను.

చేతివ్రేళ్లు పది గనుక లెక్క పదులతో సాగినదే గాని, పరిశోధించి తేల్చిన అంకె కాదని ఎవరైన అనవచ్చును. కొంత నిజమే. అయినను కౌటిల్యుడు నగరమును గూర్చి చెప్పుచోట, గోపుడను అధికారి పది కుటుంబములను గాని, ఇరువదింటిని గాని, నలుబదింటిని గాని చూచుకొనవచ్చునని మూడంకెలు చెప్పుట గమనింపదగినది. యుద్ధభూమిలో పదియే, ఊరిలో పది మొదలు నలుబదివరకు. పనినిబట్టి అంకె మారునని ఆయన ఎరుగనివాడు కాడని నాకు తోచుచున్నది.

ఆధునిక కాలమున ఈ చర్చను మరల ఎత్తినవారు గనుల యజమానులును, సైనికులును. ఫ్రాన్సుదేశమున గనుల సంస్థను నడపిన ఆంరీ ఫయోల్ 1916లో తన గ్రంథమున, పై అధికారికి నేరుగా జవాబుదారులైనవారు సాధారణముగా ఆరుగురికి లోబడియుందురనియు, పని తేలికయైనచోట మాత్రము ఫోర్మను ఇరువది ముప్పదిమందిని చూడగలడనియు వ్రాసెను. 1921లో బ్రిటిషు సేనాని సర్ అయాన్ హామిల్టన్ తన సైనిక జీవితపు అనుభవమును పిండి, సగటు మానవుని మెదడు మూడు మొదలు ఆరు మెదళ్లను నడపగలదని తేల్చెను. ఇద్దరికి పని పంచినవానికి చేయుటకు పనియుండదు, ముగ్గురికి పంచినవాడు తీరికలేకుండ నుండును, ఆరుగురికి పంచినవానికి దినమునకు పదిగంటల చాకిరి తప్పదు అని ఆయన లెక్క. పైకి పోయిన కొలది అంకె మూడువైపునకు, క్రిందికి దిగినకొలది ఆరువైపునకు మొగ్గవలెనని కూడ ఆయన అనెను. ఆయన చెప్పినది అనుభవము, నియమము కాదు. తరువాతివారు దానిని నియమము చేసిరి.

1933వ సంవత్సరము విశాఖకు చిరస్మరణీయము. ఆ ఏటి అక్టోబరు 7న సింధియా కంపెనీవారి జలదుర్గ అను ఓడ క్రొత్త రేవులోనికి ప్రవేశించెను. డిసెంబరు 19న వైస్రాయి విల్లింగ్డన్ ప్రభువు రేవును లాంఛనముగా ప్రారంభించెను. సరిగా ఆ సంవత్సరముననే జెనీవాలోని అంతర్జాతీయ నిర్వహణ సంస్థవారి పత్రికలో, లిథువేనియా సంతతివాడై చికాగోలో జన్మించిన గ్రైచూనాస్ అను ఇంజనీరు వ్రాసిన ఒక చిన్న వ్యాసము వెలువడెను. విశాఖలో దానిని చదివినవారెవరును ఉండి యుండరు. కాని తరువాతి కాలమున పరిపాలనను గూర్చి పాఠము చెప్పినవారందరును దానిని ప్రస్తావింపక మానలేదు.

గ్రైచూనాస్ చెప్పినదేమనగా: అధికారి చేతిక్రింద మనుష్యులను ఒక్కొక్కరుగా లెక్కించుట పొరపాటు, వారి నడుమనున్న సంబంధములను లెక్కింపవలెను. నలుగురున్నచో, ఒక్కొక్కనితో అధికారికి గల సంబంధములు 4. వారు ఒకరితో నొకరు పెట్టుకొను సంబంధములు 12. ఇద్దరు ముగ్గురు కూడినప్పుడు అధికారి వారితో మెలగవలసిన తీరులు 28. మొత్తము 44. ఐదవవాడు చేరగానే ఇది 100 అగును. ఆరవవానితో 222. ఏడవవానితో 490. ఎనిమిదవవాడు వచ్చునప్పటికి 1080. క్రింది ఉద్యోగి ఒక్కడు పెరిగినచో పని ఒక వంతు పెరుగుననుకొన్నాము గాని, అధికారి తలమీది బరువు రెండింతలు దాటుచున్నదన్నమాట.

ఆ జెనీవా సంస్థకు అధ్యక్షత వహించిన లిండాల్ ఉర్విక్ అను ఆంగ్లేయుడు ఈ లెక్కను చేతబట్టుకొని దేశదేశముల ప్రచారము చేసెను. ఒకదానితో నొకటి పెనవైచుకొన్న పనులు గలవారిని ఐదుగురిని, మహా అయిన ఆరుగురిని మించి ఎవడును నేరుగా అజమాయిషీ చేయజాలడని ఆయన సూత్రము. 1937లో అమెరికాలో గూలిక్, ఉర్విక్‌లు కలిసి ప్రకటించిన వ్యాససంపుటమున గ్రైచూనాస్ వ్యాసము మరల అచ్చయ్యెను.

గణితము చూచి బెదరుట మనుష్య స్వభావము. బెదరకుండ దీనిని మన హార్బరులో పరీక్షించి చూతము. ఏడుగురు కలాసీలున్న సరంగుకు గ్రైచూనాస్ లెక్కప్రకారము 490 సంబంధములు. ఇంత బరువు మోయువాడు మూడవనాటికే పిచ్చివాడై ఒడ్డునకు రావలెను. పెద్దవల నాయకుని మాట చెప్పనే అక్కరలేదు. అతని క్రింది నలుబదిమందికి లెక్క వేసినచో వచ్చునది దాదాపు 22 లక్షల కోట్లు! ఆ నాయకుడు మాత్రము తలపాగా సవరించుకొని, చుట్ట కాల్చుకొనుచు వల లాగించుచున్నాడు.

తప్పు ఎక్కడనున్నది? హెచ్చవేతలో లేదు. గ్రైచూనాస్ లెక్కించినవి కలుగదగిన సంబంధములు, కలిగిన సంబంధములు కావు. త్రాడు పట్టిన పదునేడవవాడు ఇరువదిమూడవవానితో సంప్రదింపవలసిన పని లేదు. ఉర్విక్ పెట్టిన షరతు కూడ ఇక్కడ చాలదు. పెనవైచుకొన్న పనులుగలవారిని గూర్చియే తన సూత్రమని ఆయన అనెను. పెద్దవల లాగుటకన్న పెనవైచుకొన్న పని యేది కలదు? ఒక్కడు పట్టు వదలినచో త్రాడు జారును. అయినను నలుబదిమందికి ఒక్క పెద్ద చాలును. ఏలయనగా వారందరి పనియు ఒక్కటే, ఆ పని అందరికిని తెలిసినదే, దానిలో నిమిషనిమిషము ఒకరిని అడిగి తేల్చుకొనవలసినది లేదు. పని పెనవేతకన్న, ఆ పనిలో ఎన్నిమార్లు క్రొత్త సందేహము పుట్టుననునదే ముఖ్యమని నా తలంపు.

ఉర్విక్ సూత్రమును తీవ్రముగా ఎదిరించినవాడు అమెరికా పండితుడు హెర్బర్ట్ సైమన్. ఆయన 1946లో వ్రాసిన వ్యాసమున ఈ పరిపాలన సూత్రములను సామెతలతో పోల్చెను. సామెతకు ఎదురు సామెత ఎల్లప్పుడును ఉండును. మనకును ఆలస్యము అమృతము విషమను మాట కలదు, నిదానమే ప్రధానమను మాటయు కలదు. తీరిన పిమ్మట ఏది కావలసిన అది చెప్పుకొనవచ్చును. అట్లే చేతిక్రిందివారిని తగ్గింపుమను సూత్రమొకటి, మెట్లను తగ్గింపుమను సూత్రమొకటి ఉన్నవి. రెండింటిని ఒక్కమారే పాటించుటకు వీలులేదు.

ఇది అక్షరాల నిజమని చిన్న లెక్కవలన తేలును. ఒక కర్మాగారమున 15,625 మంది పనివారున్నారనుకొందము. ఐదుగురికొక అధికారి చొప్పున పెట్టినచో క్రింది మేస్త్రీలు 3,125, వారిపై 625, ఆపై 125, 25, 5, చివర 1. ఆరు మెట్లు, మొత్తము 3,906 మంది అధికారులు. ఇరువదియైదుగురికొకని చొప్పున పెట్టినచో 625, 25, 1. మెట్లు మూడే, అధికారులు 651 మందియే. మొదటిదానిలో క్రిందివాడు చెప్పిన మాట ఆరు నోళ్లు మారి పైకి పోవును. ఆరు నోళ్లు మారిన మాట ఏమగునో పెండ్లిండ్లలో సంబంధములు మాటలాడినవారందరికిని తెలియును. రెండవదానిలో మాట త్వరగా పోవును గాని, ఇరువదియైదుగురిని చూచుచున్నవాడు వినుటకు తీరికగా నుండునా యనునది మరియొక ప్రశ్న.

అమెరికాలో సియర్స్ అను పెద్ద వర్తక సంస్థను పరిశీలించిన జేమ్స్ వర్దీ 1950లో వెలువరించిన వ్యాసమున, మెట్లు తక్కువై ఒక్కొక్క అధికారిక్రింద పలువురున్న దుకాణములలోనే పనివారి ఉత్సాహము హెచ్చుగా నున్నదని చెప్పెను. పెత్తనము చేయుటకు తీరికలేని యజమాని క్రిందివారిని నమ్మక తప్పదు, నమ్మబడినవాడు పని నేర్చుకొనక తప్పదు అని ఆయన వాదసారము. వినుటకు ఇంపైన మాటయే. కాని దుకాణమున తప్పు జరిగినచో చొక్కాలు కొన్ని అమ్ముడుపోవు. ఓడరేవునందును ఉక్కు కొలిమియందును తప్పునకు వెల వేరు. ఈ భేదమును వర్దీ పక్షమువారు తగినంత పాటింపలేదని చెప్పవలసియున్నది. 1955లో సువోజానెన్ అను ఆయన ఈ పరిమితి నిజమా, కట్టుకథయా యని ప్రశ్నింపగా, మరుసటి యేడు ఉర్విక్ పట్టువిడువక బదులు వ్రాసెను. తన షరతును ఎవరును సరిగా చదువుటలేదని ఆ ముసలి సైనికుని బాధ.

పైమెట్టు, క్రిందిమెట్టు ఒకదానినొకటి ఎట్లు త్రోయునో చూచుటకు అమెరికా పోనక్కరలేదు. విశాఖపట్టణము జిల్లాయే చాలును. ఒకప్పుడు మద్రాసు రాజధానిలోని అతివిశాలమైన జిల్లాలలో ఇదియొకటి. 1936లో ఒరిస్సా రాష్ట్రమేర్పడినప్పుడు కొండ ప్రాంతము చాలభాగము విడిపోయెను. 1950లో శ్రీకాకుళము జిల్లా, 1979లో విజయనగరము జిల్లా వేరైనవి. ఇట్లు కలెక్టరు చేతిక్రింది భూమి తగ్గుచు వచ్చెను. కాని 1985లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము తాలూకాలను తీసివైచి మండలములను నెలకొల్పెను. రాష్ట్రమున మూడువందల పైచిలుకు తాలూకాలుండినచోట సుమారు 1,100 మండలములు వచ్చినవి, జిల్లాలు మాత్రము 23గానే నిలిచినవి. గ్రామస్థునికి కచేరి దగ్గరయ్యెను. మండలాధికారి చూడవలసిన ఊళ్లు తగ్గెను. అది గొప్ప మేలు. అయితే సగటున 13 తాలూకాలు చూచుకొను జిల్లా యంత్రాంగమునకు సుమారు 48 మండలములు తగులుకొన్నవి. విశాఖ జిల్లాకు చిరకాలము 43. క్రింద బరువు దించినచో అది మాయము కాలేదు, పైకెక్కినది. నడుమనున్న రెవెన్యూ డివిజను అధికారులు దానిలో కొంత మోసిరి. 2022 ఏప్రిల్ 4న ఈ జిల్లా విశాఖపట్టణము, అనకాపల్లి, అల్లూరి సీతారామరాజు జిల్లాలుగా విడిపోవుటకు చెప్పిన కారణములలో పరిపాలన సౌలభ్యము ముఖ్యమైనది. దూరమునుగూర్చిన మాట ఎంతయో, ఒక్కరి అజమాయిషీనిగూర్చిన మాటయు అంతయే.

ఇక యంత్రము వచ్చినచో ఈ అంకె యేమగును? రేవు కట్టిన తొలినాళ్లలో మాంగనీసు ఖనిజమును స్త్రీపురుషులు తట్టలకెత్తి ఓడలకు చేర్చెడివారు. జట్టునకొక మేస్త్రీ. తట్టలు కదలుచున్నవా లేదా యనునదే అతడు చూడవలసినది. కావున జట్టు పెద్దదైనను ఇబ్బంది లేదు. 1960వ దశకమున జపానుకు ఇనుప ఖనిజము పంపుటకై యంత్రసాధనములు, కన్వేయరు పట్టీలు వచ్చినవి. మనుష్యులు తగ్గిరి. తగ్గినవారిని చూచుటకు మేస్త్రీ కేక చాలలేదు, విద్యుత్తును మీటలను ఎరిగిన మనిషి కావలసివచ్చెను.

దాదాపు అదే కాలమున ఇంగ్లండులో జోన్ ఉడ్‌వర్డ్ అను విదుషి దక్షిణ ఎసెక్సులోని 100 పరిశ్రమలను పరిశీలించి ఇట్టి విషయమునే కనుగొనెను. ఆమె నివేదిక 1958లోను, గ్రంథము 1965లోను వెలువడినవి. ఒకే వస్తువును వేలకొలది తయారుచేయు కర్మాగారములలో క్రింది పర్యవేక్షకుని చేతిలో 41 మొదలు 50 మంది యుండిరి. ఒక్కొక్కటిగా వస్తువులు చేయుచోట 21 మొదలు 30. నూనె శుద్ధిచేయుట, రసాయనములు తీయుట వంటి ఎడతెగని ప్రవాహమువలె సాగు పనులలో 11 మొదలు 20 మాత్రమే. పై అధికారి సంగతి దీనికి తలక్రిందులు: ప్రవాహ పరిశ్రమలలో ముఖ్యాధికారి క్రింద సుమారు పదుగురు, విడి వస్తువుల పరిశ్రమలలో నలుగురు. చక్కగా నడచుచున్న సంస్థలన్నింటిలో ఒకే అంకె లేదు. పనికి తగిన అంకె యున్నచోట సంస్థ చక్కగా నడచుచున్నది. ఈ ఒక్క పరిశోధన, ఇరువది యేండ్ల వాదములకన్న బరువైనదని నేను తలంతును. ఆమె వాదమునకు కూర్చుండలేదు, పోయి లెక్కించి వచ్చినది.

విశాఖ ఉక్కు కర్మాగారమును ఈ దృష్టితో చూడవలెను. 1966నాటి మహోద్యమము, 1971 జనవరి 20న శంకుస్థాపన, 1992 ఆగస్టు 1న జాతికి అంకితము, ఈ చరిత్ర తెలుగువారందరెరిగినదే. తక్కువగా చెప్పుకొనునది మరియొకటి కలదు. ఈ కర్మాగారమును పాత ప్రభుత్వ ఉక్కు కర్మాగారములకన్న తక్కువమందితో, ఒక్కొక్కడు పలు పనులు నేర్చినవాడుగా, నడుపవలెనని సంకల్పించిరి. మనిషికి ఏటికి 230 టన్నుల ద్రవపు ఉక్కు అను లక్ష్యమును పెట్టుకొనిరి. 30 లక్షల టన్నులకు ఈ లెక్కన 13,000 మంది చాలుదురు. గోదావరి, కృష్ణ అని పేర్లు పెట్టిన బ్లాస్ట్ ఫర్నేసులు రాత్రింబగళ్లు ఆగవు. ఉడ్‌వర్డ్ చెప్పిన ప్రవాహపు పనికి ఇంతకన్న మంచి దృష్టాంతము దొరకదు. ఇట్టిచోట పని నేర్చినవాడు తనంతట తాను నిర్ణయించుకొనును గనుక ఎక్కువమందిని ఒక్కరే చూడవచ్చునని ఒక వాదము. ద్రవలోహము దగ్గర తప్పు దిద్దుకొనుటకు రెండవ అవకాశముండదు గనుక తక్కువమందినే చూడవలెనని మరియొక వాదము. మొదటిది మామూలు దినమునకు నిజము. రెండవది మామూలు కాని దినమునకు నిజము.

2012 జూన్ 13వ నాటి రాత్రి, ఆ కర్మాగారపు విస్తరణ విభాగమున ఆక్సిజన్ పంపిణీకి సంబంధించినచోట ప్రేలుడు సంభవించి 19 మంది మరణించిరి. పర్యవేక్షకుల సంఖ్యయే దానికి కారణమని నేననుట లేదు. క్రొత్త యంత్రమును మొదటిమారు నడిపి చూచు రాత్రి, పదియేండ్లుగా నడచుచున్న యంత్రమువద్ద గడచు రాత్రివంటిది కాదని మాత్రము గుర్తుచేయుచున్నాను. ఏడాది పొడవున ఒకే అంకెతో నెట్టుకొనివచ్చు కాగితపు పట్టికలకు ఈ భేదము తెలియదు.

ప్రమాద సమయమునకు వేరు అంకె కావలెనని గుర్తించినవారు అమెరికాలో కాలిఫోర్నియా అడవిమంటలనార్పు దళములవారు. 1970వ దశకమున వారు కూర్చుకొన్న పద్ధతిలో ఒక్కొక్క నాయకునికి ముగ్గురు మొదలు ఏడుగురు, అందు ఐదుగురు మేలని నిర్ణయించిరి. మన జాతీయ విపత్తు నిర్వహణ సంస్థవారు 2010లో వెలువరించిన మార్గదర్శకములు ఈ పద్ధతినే మన దేశమునకు తగినట్లు మలచినవి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపై విరుచుకుపడినప్పుడు ఫిషింగ్ హార్బరులో పడవలు అనేకము దెబ్బతినెను. అట్టివేళ నలుబదిమందికి ఒక కేక పనికిరాదు, గాలిలో కేక వినబడదు. ఇద్దరు ముగ్గురు ఒక మోకు పట్టుకొని, వారిలో ఒకని మాట మిగిలినవారు వినవలసినదే. సరంగులకు ఈ సంగతి మార్గదర్శకములు చదువకయే తెలియును. వేట మామూలుగా సాగునప్పుడు కలాసీలను వారి పనికి వదలివైచి నిద్రించు సరంగే, మబ్బు కమ్మినంతనే అందరిని పేరుపేరున పిలుచును.

ఈ వాదములన్నింటిని తూచి చూచినప్పుడు ఒక లోటు మిగిలియే యున్నది. హామిల్టన్ మొదలు ఉడ్‌వర్డ్ వరకు అందరును చేతిక్రిందివారనగా జీతపు పట్టికలో పేరున్నవారేనని అనుకొని లెక్కించిరి. నేటి కర్మాగారములలోను రేవులలోను సగము పని కాంట్రాక్టు మనుష్యులు చేయుచున్నారు. అధికారి రిజిస్టరులో ఆరుగురు, అతని కన్నులయెదుట అరువదిమంది. ఆ అరువదిమంది కాంట్రాక్టరు మేస్త్రీకి జవాబుదారులు గాని అతనికి కారు. కాని గొలుసు తెగినప్పుడు క్రిందనుండువారు వారే. పెద్దవల లాగుచోట దారిన పోవువాడు వచ్చి త్రాడు పట్టినను అతడును లెక్కలోనికి వచ్చును, పాలు పంచునప్పుడు అతనికిని కొన్ని చేపలు దక్కును. కర్మాగారపు ద్వారమువద్ద ప్రవేశపత్రములను పరీక్షించువానికి లోపలనున్న మొత్తము జనుల సంఖ్య తెలియును. ఆ సంఖ్య రాత్రి షిఫ్టు అధికారి బల్లమీదికి ప్రతిదినము చేరుచున్నదా లేదా యని అడిగిన పిమ్మటనే ఐదుగురా, ఇరువదియైదుగురా యను వాదమునకు దిగవలెను.